మచ్చ ఎక్కడుందో చెప్పింది, ఏమిటో చెప్పలేదు: నా కాల్పోస్కోపీ అనుభవం

గర్భసంచి తీసేశాక గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే పరీక్షలతో ఇక పని లేదని మా వైపు ఆడవాళ్లందరికీ గట్టి నమ్మకం. అమ్మకు తీశారు, అక్కకు తీశారు, 2014లో నాకూ తీశారు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. అంటే ఇది చదివేవాళ్లలో, చదివేవాళ్ల ఇళ్లలో, నాలాంటివాళ్లు చాలామందే ఉంటారు.

నా ఆపరేషన్ ఫైబ్రాయిడ్ల కోసం జరిగింది. తీసిన గర్భసంచిని ల్యాబ్‌కు పంపితే, గర్భాశయ ముఖద్వారం దగ్గర సీఐఎన్-3, అంటే క్యాన్సర్‌కు ముందు దశల్లో చివరిది, ఉన్నట్టు రిపోర్టులో రాశారు. అంచుల్లో ఏమీ మిగల్లేదని కూడా రాశారు. ఆ కాగితం డిశ్చార్జ్ ఫైల్లో వెనకెక్కడో ఉండిపోయింది. ఆ ఆస్పత్రిలో ఒక్కరు కూడా దాని గురించి నాతో ఒక్క మాట అనలేదు. కుట్లు మానాయి, ఇక రానక్కర్లేదు అన్నారంతే.

2023 చివర్లో మూత్రం మంట, పొడిబారడం అని రాజమండ్రిలో మా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. పెద్దావిడ. పాత ఫైల్ తెచ్చావా అని అడిగి, మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదివే అలవాటు. ఆ లైన్ దగ్గర ఆగి కళ్లజోడు తీసింది.

"ఇదుంటే నువ్వు మానకుండా చూపించుకుంటూ ఉండాలి కదమ్మా. ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. ఆవిడే చెప్పింది. ముఖద్వారంలో మార్పులు తెచ్చిన హెచ్‌పీవీ వైరస్ ముఖద్వారంతో పాటే పోతుందని లేదు. యోని పైపొరలో, అందులోనూ పై మూడో వంతులో, అదే రకం మార్పులు రావచ్చు. వాటిని వీఏఐఎన్ అంటారు. 1, 2, 3 అని దశలు, 3 అన్నిటికన్నా తీవ్రమైనది. ఇది అరుదైన జబ్బే, ఏడాదికి లక్షమందిలో ఒకరికి కూడా రాదు. కానీ వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇదివరకు ముఖద్వారంలో ఈ మార్పులు ఉన్నవాళ్లే. అందుకే ఏ ముందస్తు క్యాన్సర్ మార్పులూ లేకుండా ఫైబ్రాయిడ్లకో, రక్తస్రావానికో గర్భసంచి తీయించుకున్నవాళ్లకు తర్వాత పాప్ స్మియర్, అంటే లోపలి కణాలను గీకి తీసి చూసే పరీక్ష, అక్కర్లేదంటారు. నాలాంటి రిపోర్టు ఉన్నవాళ్లు మాత్రం కనీసం 25 ఏళ్లు చూపించుకోవాలని అమెరికాలో 2019లో వచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. నాకు అప్పటికి తొమ్మిదేళ్లు గడిచిపోయాయి.

ఆ రోజే స్మియర్ తీసింది. గర్భసంచి తీసేశాక యోని పైభాగాన్ని కుట్టేసిన చోటును వాల్ట్ అంటారు, అక్కడినుంచి. రిపోర్టులో రెండు సంగతులు: హెచ్‌పీవీలో క్యాన్సర్ ప్రమాదం ఎక్కువున్న 16వ రకం పాజిటివ్, స్మియర్‌లో హెచ్‌ఎస్‌ఐఎల్, అంటే ఎక్కువ తీవ్రత ఉన్న మార్పులు. టెన్షన్ సంగతి వేరే చెప్పాలా? కాల్పోస్కోపీ, అంటే భూతద్దంలాంటి పరికరంతో లోపలి పొరను చూసే పరీక్ష, చేయించుకోమని రాసిచ్చింది.

మొదటి కాల్పోస్కోపీ మా ఊళ్లోనే ఒకచోట అయింది. ఎంత తొందరగా అయిపోయిందంటే, బయట కూర్చున్న మా వారు ఫోన్ మాట్లాడటం ముగించేలోపే నేను వచ్చేశాను. రిపోర్టు ఒకే లైను: యోని, వాల్ట్ సాధారణంగా ఉన్నాయి. ఫొటోలు లేవు. ల్యాబ్‌కు పంపడానికి ముక్క తీయలేదు. మచ్చలు తేలడానికి పూసే అయోడిన్ అనే మాటే వినిపించలేదు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, మా వారు వస్తూ వస్తూ పూతరేకులు కూడా కట్టించుకొచ్చారు.

డాక్టరమ్మ మాత్రం ఆ కాగితం చూసి సంతోషపడలేదు. "స్మియర్‌లో పడిన ఆ కణాలు ఎక్కడినుంచో ఒకచోటునుంచి రాలి ఉండాలి కదా. ఆ చోటు దొరకలేదంటే అది లేదని కాదు, వీళ్లకు కనపడలేదని." అలా అని, విశాఖలో ఈ పనే ఎక్కువగా చేసే ఒక డాక్టరుకు ఉత్తరం రాసిచ్చింది.

రత్నాచల్ ఎక్కి వెళ్లాం. అక్కడి డాక్టరు చిన్నమ్మాయి, మా అమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ఆ రోజు పరీక్ష చేయలేదు. లోపల ఒకసారి చూసి, మందు రాసి పంపేసింది. ఇంత దూరం వచ్చింది క్రీమ్ చీటీ కోసమా అని మా వారు విసుక్కున్నారు. కానీ ఈ మొత్తం వ్యవహారంలో నేను నేర్చుకున్న అసలు పాఠం ఆ చీటీలోనే ఉంది.

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ఆకును ఉడికించి, పత్రహరితం తీసేసి, అయోడిన్ చుక్కలు వేసి పిండిపదార్థం ఉందో లేదో పిల్లలకు చూపించడం నాకు ఏటా ఉండే పని. అదే అయోడిన్ ఇక్కడా వాడతారని ఆ అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. 1829లో లుగాల్ అనే ఫ్రెంచి డాక్టరు తయారుచేసిన ద్రావణమే. ఆరోగ్యంగా ఉన్న యోని పైపొర కణాల్లో గ్లైకోజెన్ నిండుగా ఉంటుంది. అయోడిన్ తగిలితే ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. మార్పు చెందిన కణాల్లో గ్లైకోజెన్ ఉండదు, కాబట్టి ఆ చోటు రంగు పట్టకుండా పసుపుగా మిగిలిపోతుంది. పసుపు ఎక్కడుంటే అక్కడ అనుమానం.

చిక్కంతా ఎక్కడంటే, ఆ గ్లైకోజెన్ నిలవ ఉండాలంటే ఈస్ట్రోజన్ ఉండాలి. ముట్లు ఆగే వయసు దాటి నాకు అప్పటికే కొన్నేళ్లు. పైపొర పలచబడిపోయింది. "ఇప్పుడు మీకు అయోడిన్ వేస్తే మొత్తం పసుపే కనిపిస్తుందమ్మా. ఏది జబ్బో, ఏది వయసో నాకు తెలీదు. స్మియర్ చదివేవాళ్లు కూడా పలచబడిన కణాలను చూసి ఒక్కోసారి పొరబడతారు" అంది. అందుకని కొన్ని వారాలపాటు రాత్రిపూట లోపల ఈస్ట్రోజన్ క్రీమ్ పెట్టుకుని రమ్మంది. రొమ్ము క్యాన్సర్ ఏమైనా వచ్చిందా అని ముందే అడిగింది, అలాంటివాళ్లకు ఈ క్రీమ్ రాసేముందు వేరుగా ఆలోచించాలట.

మరి మొదటి కాల్పోస్కోపీలో ఏమీ ఎందుకు కనపడలేదు అని అడిగాను. పక్కవాళ్ల గురించి ఏమీ అనకుండా నవ్వి, కాగితం మీద బొమ్మ గీసింది. ముఖద్వారం చిన్నది, గుండ్రం, ఒకేసారి మొత్తం కంటికి ఆనుతుంది. మార్పులు ఎక్కడ మొదలవుతాయో కూడా తెలిసిన చోటే. యోని అలా కాదు. ముడతలు ముడతలుగా ఉండే గొట్టం, మచ్చ ఎక్కడైనా ఉండొచ్చు, ఒకటికి మించి ఉండొచ్చు. పైగా తెరిచి పట్టుకోవడానికి పెట్టే స్పెక్యులమ్ రెక్కలే ముందు గోడనూ వెనక గోడనూ కప్పేస్తాయి. తిప్పి చూడకపోతే సగం చూడనట్టే. వాల్ట్ మరీ మొండిది. కుట్టేసిన తర్వాత రెండు పక్కలా దిండు గలేబు మూలల్లా లోపలికి ముడుచుకుపోయిన చోట్లు ఉంటాయి. ఆ మూలలు దాక్కోవడానికి భలే అనువు.

పరీక్ష రోజున ముందు మూత్రానికి వెళ్లి రమ్మన్నారు. ఆ ముందు రెండు రోజులు క్రీమ్ ఆపేయమన్నారు, భార్యాభర్తలు కలవకూడదన్నారు. పడుకోబెట్టి కాళ్లు పైకి పెట్టాక సిస్టర్ తెర నా వైపు తిప్పింది. చూస్తారా, వద్దా అని అడిగింది. చూస్తానన్నాను. ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు మైక్రోస్కోప్ సరిచేసి ఇస్తున్నదాన్ని, నా ఒంటిని నేను చూడకపోతే ఎలా? కాల్పోస్కోప్ లోపలికి దూర్చే పరికరం అనుకుని చాలామంది భయపడతారు. అది బయటే, అడుగు దూరంలో స్టాండు మీద ఉంటుంది. పది పదిహేను రెట్లు పెద్దది చేసి, దూరం నుంచే చూపించే భూతద్దం, అంతే. 1925లో జర్మనీలో హాన్స్ హిన్సెల్‌మన్ మొదలుపెట్టిన పద్ధతి. వంద ఏళ్లయినా లెన్సు, వెలుతురు, ఓపిక, ఈ మూడింటి మీదే నడుస్తోంది.

ముందు మామూలుగా చూసింది. తర్వాత ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే రక్తనాళాలు నల్లగా తేలాయి. ఆ తర్వాత ఎసిటిక్ యాసిడ్. మన వెనిగర్‌లో ఉండేదే, 5 శాతం. దూది తడిపి గోడలకు ఒత్తిపెట్టి ఆగింది. కాస్త చురుక్కుమంది. నేను తొందరపడుతున్నానని కనిపెట్టి, "ముఖద్వారం కంటే ఇక్కడ ఇంకాస్త ఎక్కువసేపు ఆగాలమ్మా, తొందరపడితే తెలుపు తేలదు" అంది. కొంతసేపటికి ముందు గోడ ఎడమ పక్కన తెల్లటి మచ్చ ఒకటి లేచింది. నాకే స్పష్టంగా కనిపించింది. అంచులు కోసినట్టు ఉన్నాయి. గుండె గుబేలుమంది.

ఆవిడ అక్కడ ఆగలేదు. స్పెక్యులమ్‌ను పక్కకు తిప్పింది, మళ్లీ యాసిడ్ పెట్టింది, మెల్లగా వెనక్కి తీస్తూ గోడలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే ముడత ముడతనూ చూసింది. చివర్లో సన్నటి కొక్కెంలాంటిది తీసుకుని వాల్ట్ కుడి మూలను బయటికి లాగింది. నిజంగా నొప్పి తెలిసింది అప్పుడే. తెర మీద ఆ మూలలో ఏముందో నాకు అర్థం కాలేదు, కొంచెం గరుకుగా, తెలుపో కాదో అన్నట్టు ఉంది.

తర్వాత అయోడిన్. అలెర్జీ ఉందా అని రెండోసారి అడిగి వేసింది. క్లాసులో ఆకు మీద వచ్చే నలుపు-నీలం కాదు, టేకు చెక్క రంగు. క్రీమ్ పని చేసినట్టుంది, దాదాపు అంతా చక్కగా రంగు పట్టింది. పట్టనివి మూడు చోట్లు. ముందు గోడ మీది తెల్ల మచ్చ, కుడి మూల, వెనక గోడ మీద యాసిడ్‌కు తెల్లబడని చోటు ఒకటి. అయోడిన్ లేకపోతే ఆ మూడోది అసలు తెలిసేదే కాదు, కుడి మూలను వదిలేసి ఉండేవారేమో కూడా.

మూడు చోట్లా మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, బియ్యపుగింజంత ముక్కలు తీసింది. యోని పై భాగంలో నొప్పి తక్కువే. ఇంజెక్షన్ సూది తప్ప ముక్క తీసినట్టు పెద్దగా తెలియలేదు, టక్ అని చప్పుడు మాత్రం వినబడింది. రక్తం ఆగడానికి మాన్సెల్ ద్రావణం పూసింది. మూడు ముక్కలూ మూడు సీసాల్లో, ఒక్కోదాని మీద ఎక్కడినుంచి తీసిందో గడియారం అంకెతో రాసి. అన్నీ ఒకే సీసాలో వేస్తే ఏది ఎక్కడిదో ఆ తర్వాత ఎవరికీ తెలియదు. తర్వాత వాడే ప్యాడ్ మీద గోధుమరంగు, నలుపు మడ్డిలా వస్తుంది, కంగారు పడక్కర్లేదు. పాత లంగా కట్టుకుని వెళ్లడం మంచిది, అయోడిన్ మరక ఓ పట్టాన పోదు.

బట్టలు సర్దుకుని వచ్చాక, మీకేమనిపిస్తోంది అని అడిగాను. ముందు గోడది 2 లేక 3 ఉండొచ్చు, కుడి మూలది 1 కావొచ్చు, వెనకది చెప్పలేను అంది. వెంటనే, "ఇది నా కళ్ల మాట. రిపోర్టు వచ్చేదాకా దీన్ని లెక్కపెట్టుకోకండి" అని కూడా అంది.

రిపోర్టు వచ్చింది. ముందు గోడ మీద నన్ను భయపెట్టిన తెల్ల మచ్చ వీఏఐఎన్-1. వెనక గోడది వట్టి ఇన్‌ఫ్లమేషన్, మరేం లేదు. సందేహంగా కనిపించిన కుడి మూలది వీఏఐఎన్-3. దాన్ని పాథాలజిస్ట్ పీ16 అనే ప్రత్యేక రంగుతో కూడా చూసి నిర్ధారించారు. పైపొర పలచబడినప్పుడు కణాలు ఒక్కోసారి జబ్బు కణాల్లా నటిస్తాయట, ఆ తేడా తేల్చుకోవడానికి ఈ రంగు పనికొస్తుంది.

అంటే డాక్టరు అంచనా తప్పినట్టేనా? ఇంటికొచ్చేటప్పుడు రైల్లో మా వారు ఇదే అడిగారు. తప్పిందనే అన్నాను. దశ విషయంలో తప్పింది. కానీ ఎక్కడ ముక్క తీయాలో తప్పలేదు. ఆ మూలకు కొక్కెం వేసి, అయోడిన్ పూసి, సందేహంగా ఉన్నా సరే ముక్క తీసింది కాబట్టి అసలు జబ్బు దొరికింది. మొదటిచోట చూసిందీ ఇదే యోని, వాడిందీ కాల్పోస్కోపే.

ఆ తర్వాత ఆవిడనే చాలా ప్రశ్నలు అడిగాను, తీరిక దొరికినప్పుడు చదివాను కూడా. యోని విషయంలో కాల్పోస్కోపీ అనుమానపడటంలో ముందుంటుంది, తేల్చడంలో వెనకబడుతుంది. వెనిగర్‌కు తెల్లబడేదంతా జబ్బు కాదు: వాపు, మానుతున్న గాయం, మామూలు హెచ్‌పీవీ ఇన్ఫెక్షన్, అన్నీ తెల్లబడతాయి. అయోడిన్‌కు పసుపుగా మిగిలేదంతా కూడా జబ్బు కాదు. ముఖద్వారం మీద తీవ్రతను పట్టించే రక్తనాళాల చుక్కలు, గళ్లు ఇక్కడ చాలాసార్లు కనిపించవు. అందుకే ఎంత అనుభవం ఉన్నా, చూసి 1 అనుకున్నది 3 కావడం, 3 అనుకున్నది 1 కావడం వింతేమీ కాదు.

ఎన్ని ముక్కలు తీశారన్నది కూడా పెద్ద విషయమే. 2015లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలోని ఓక్లహామాలో 690 మంది స్త్రీలకు కాల్పోస్కోపీలో ఒకటికి మించి ముక్కలు తీసి చూశారు. తీవ్రమైన మార్పులను ఒక్క ముక్కతో నూటికి 61 దాకా పట్టుకున్నారు, రెండు ముక్కలతో 86, మూడింటితో 96. అది ముఖద్వారం లెక్క. ఒక్క చూపులో కనబడే ముఖద్వారం దగ్గరే అలా ఉంటే, ముడతల గొట్టం సంగతి చెప్పక్కర్లేదు. మరీ ఎక్కువ ముక్కలు కోస్తున్నారేమిటి అని మా అక్క ఫోన్లో సానుభూతి చూపించింది. నేనైతే నాలుగోది తీసినా ఊరుకునేదాన్ని.

ఇక వైద్యం. వీఏఐఎన్-1 చాలావరకు తనంతట తనే తగ్గిపోతుంది కాబట్టి ముందు గోడ జోలికి వెళ్లలేదు. కుడి మూలకు లేజర్ పెట్టి మాడ్చేయొచ్చు, కొందరికి ఇమిక్విమోడ్, 5-ఎఫ్‌యూ లాంటి క్రీములు ఇస్తారు. లేజర్ అయితే ఆ రోజే ఇంటికి పోవచ్చు కదా అని నేను మొగ్గు చూపాను. ఆవిడ ఒప్పుకోలేదు. కుట్టు లైను వెనక, కుట్టులో కలిసిపోయిన చర్మంలో ఏముందో ఏ కాల్పోస్కోపీకీ కనిపించదు. ముక్కలో వీఏఐఎన్-3 వచ్చినా, దాని వెనక కొందరిలో అప్పటికే క్యాన్సర్ మొదలై ఉంటుంది. లేజర్ మాడ్చేస్తుంది, పరీక్షకు ఏమీ మిగల్చదు. కోసి తీస్తే మొత్తం ల్యాబ్‌కు వెళ్తుంది. మూత్రనాళం, మూత్రాశయం పక్కనే ఉంటాయి కాబట్టి ఆ ప్రమాదం గురించి దాచకుండా చెప్పి, సంతకం పెట్టించుకుని, మత్తిచ్చి ఆ మూలను తీసేశారు.

తీసిన భాగంలో వీఏఐఎన్-3 ఉంది, లోపలికి పాకలేదు, అంచులు శుభ్రంగా ఉన్నాయి. ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను స్టాఫ్ రూమ్‌లో ఉన్నాను. పక్కన కెమిస్ట్రీ ఆయన ఉంటే, "ఆఁ అండీ, అలాగేనండీ" అని మాత్రం అన్నాను. ఇలాంటి జబ్బులతో వచ్చే ఇంకో తలనొప్పి ఇదే, ఎక్కడ అంటే చెప్పుకోలేం. సెలవు చీటీలో "చిన్న సర్జరీ" అని రాశాను, ఎవరూ అడగలేదు.

మా అక్క తన పాత రిపోర్టు కోసం ఇల్లంతా వెతికింది. దొరకలేదు. ఆపరేషన్ ఎందుకు చేశారో గుర్తుంది గానీ, తీసిన గర్భసంచిని పరీక్షకు పంపారో లేదో కూడా ఆమెకు తెలియదు. కాగితం లేకపోతే ఏం చేయాలి అని మా డాక్టరమ్మను అడిగితే, "ఏముందో తెలియనప్పుడు లేదనుకోకూడదు. తీసుకురా, ఒక స్మియర్, హెచ్‌పీవీ టెస్టు చేసేద్దాం" అంది. అక్కకు రెండూ నెగటివ్ వచ్చాయి.

నాకు ఆరు నెలల స్మియర్ శుభ్రంగానే ఉంది, హెచ్‌పీవీ 16 మాత్రం ఇంకా పోలేదు. స్మియర్ బాగుంది కదా అని ఈసారి ఎవరూ వదిలేయలేదు, వచ్చే నెల మళ్లీ కాల్పోస్కోపీ. ముందు గోడ మచ్చ తగ్గిందో లేదో కూడా అప్పుడే తేలుతుంది. క్రీమ్ పోయిన వారమే మొదలుపెట్టేశాను. రైలు టికెట్లు మా వారు అడక్కుండానే బుక్ చేశారు.